ఏకగ్రీవం అని ముందే రాసి ఉంది

మా సంఘం మినిట్స్ పుస్తకం పాతకాలపు లెడ్జరంత ఉంటుంది. ఎర్ర గుడ్డ బైండింగు, మూలలు అరిగి లోపలి అట్ట బయటపడింది. పోయిన జూన్‌లో సర్వసభ్య సమావేశం అయిపోయి అందరూ పులిహోర పొట్లాలు విప్పుకుంటున్నప్పుడు సంతకం కోసం ఆ పుస్తకం నా చేతికొచ్చింది. చదవకుండా సంతకం పెట్టకూడదన్నది బ్యాంకు ఉద్యోగం నేర్పిన అలవాటు. చదివాను. "నూతన కార్యవర్గాన్ని సభ్యులు ఏకగ్రీవంగా ఎన్నుకొనడమైనది" అని ఉంది. కింద ప్రతిపాదించినవారి పేరు. దాని కింద బలపరిచినవారి పేరు. బలపరిచింది నేనే.

అందులో అబద్ధమేమీ లేదు. గంట క్రితం నేను లేచి "బలపరుస్తున్నాను" అన్న మాట నిజమే. కానీ ఆ తీర్మానం నీలం ఇంకుతో, గుండ్రటి అక్షరాలతో, తీరిగ్గా రాసి ఉంది. దాని కింద ముఖ్య అతిథి మాట్లాడిన నాలుగు ముక్కలూ నల్ల బాల్‌పెన్నుతో హడావుడిగా గిలికి ఉన్నాయి. ఏది సమావేశంలో రాసిందో, ఏది ఇంటి దగ్గర కూర్చుని రాసుకొచ్చిందో చూడగానే తెలిసిపోతోంది. నేను నోరు తెరవక ముందే నా మాట పుస్తకంలో ఉంది.

సంతకం పెట్టేశాను. ఆ సంగతి ఇక్కడ రాయడానికి నాకు ఇన్ని నెలలు పట్టింది. ఎందుకంటే ఆ రోజు ఒకమ్మాయి లేచి నిలబడింది.

మాది 150 మంది సభ్యులున్న మహిళా హక్కుల సంఘం. గృహహింస కేసుల్లో ఆడవాళ్లకి తోడు వెళ్లడం, ఆఫీసుల్లో వేధింపుల ఫిర్యాదుల కమిటీలు వేయించమని కలెక్టరేట్‌లో అర్జీలు పెట్టడం, మార్చి 8న ఊరేగింపు తీయడం మా పని. ఆ అమ్మాయికి ముప్పై ఏళ్లుంటాయి. టైలరింగ్ షాపు నడుపుతుంది. వాళ్లమ్మ మున్సిపాలిటీలో పారిశుద్ధ్య కార్మికురాలు. రాత్రి పదకొండుకి ఫోనొచ్చినా స్కూటీ వేసుకుని స్టేషన్‌కి వెళ్లేది ఆ అమ్మాయే. మాలో చాలామందికి గృహహింస చట్టం 2005లో వచ్చిందని తెలుసు. ప్రొటెక్షన్ ఆఫీసర్ గది ఏ అంతస్తులో ఉందో, ఆవిడ ఏ రోజు సీట్లో దొరుకుతుందో తెలిసింది ఆ అమ్మాయికే.

కార్యవర్గం ఎన్నిక అనగానే ఆ అమ్మాయి లేచి నాలుగు మడతల కాగితం విప్పింది. షాపులో కొలతలు రాసుకునే కాగితం. మా వైపు తిరిగిన పేజీలో ఎవరివో జాకెట్టు కొలతలు కనిపిస్తున్నాయి. "నేను అధ్యక్ష పదవికి పోటీ చేయాలనుకుంటున్నాను. ఎందుకో రెండు నిమిషాల్లో చెప్తాను" అంది.

హాలంతా నిశ్శబ్దం. మా పెద్దక్క, అంటే అప్పటి అధ్యక్షురాలు, చాలా ప్రేమగానే అంది: "అమ్మా, మనలో మనకి పోటీ ఏంటి? బయటివాళ్లతో కొట్లాడ్డానికే టైం చాలట్లేదు. వచ్చేసారి నీకే ఇద్దాంలే." కొందరు నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. ఆ అమ్మాయి కాగితం మళ్లీ నాలుగు మడతలు పెట్టి కూర్చుంది. ఎవరో ప్యానెల్ చదివారు. ఎవరో నా వైపు చూశారు. నేను లేచి బలపరిచాను.

"నీకే ఇద్దాంలే" అన్న మాట నన్ను ఇంకా వదల్లేదు. ఇవ్వడానికి ఆ పదవి ఎవరి దగ్గరుంది? 150 మంది ఏటా 200 రూపాయల చందా కడుతున్నారు. ఇచ్చేదైనా ఇవ్వనిదైనా వాళ్లే కదా.

పదవి అడిగితే తప్పా

మన మహిళా సంఘాల్లో "నాకు ఈ పదవి కావాలి" అని సూటిగా అన్న మనిషిని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. "మీరంతా అంటుంటే కాదనలేక", "నాకెందుకమ్మా, పిల్లల్ని పెట్టండి", "ఈ ఒక్కసారికి" అంటూనే ఇరవై ఏళ్లు కుర్చీలో కూర్చున్నవాళ్లు నాకు తెలుసు. వాళ్లలో చాలామంది మంచివాళ్లే, కష్టపడి పనిచేసినవాళ్లే. అయినా అడగకుండా వచ్చినట్టు కనిపించాలి. అడిగితే పదవీ వ్యామోహం అంటారు. ఆడది అడిగితే ఆ మాట ఇంకా గట్టిగా అంటారు, అనేవాళ్లలో ఆడవాళ్లమే ముందుంటాం.

ఈ మొహమాటం మనం పెరిగిన ఇళ్లల్లోనే ఉంది. అందరికీ వడ్డించాక మిగిలింది తినే అమ్మని చూసి పెరిగాం. విస్తట్లో ఏం కావాలో అడగని మనిషి సభలో ఏం అడుగుతుంది? ఇంట్లో అడగలేకపోయింది ఇక్కడైనా అడగగలగాలనే సంఘం పెట్టుకున్నాం. ఇక్కడ కూడా మౌనాన్నే సంస్కారం అనుకుంటే, స్టేషన్లో ఎస్సై ముందు గొంతు విప్పమని బాధితురాలికి ఏ మొహంతో చెప్తాం?

అడిగిన ఆడవాళ్లు మన చరిత్రలో లేకపోలేదు. మన మద్రాసు ప్రెసిడెన్సీలో మహిళలకి 1921లో ఓటు హక్కు వచ్చింది. 1926లో కమలాదేవి చట్టోపాధ్యాయ మంగళూరు నుంచి మద్రాసు శాసన మండలికి పోటీ చేసింది. చట్టసభకి పోటీ చేసిన తొలి భారతీయ మహిళ ఆమే. అప్పటికి ఇరవై మూడేళ్లు. పోటీ చెయ్యమని వెంటపడి ప్రోత్సహించింది మార్గరెట్ కజిన్స్, 1917లో అడయార్‌లో విమెన్స్ ఇండియన్ అసోసియేషన్ మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. కమలాదేవి కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది. నాకు నచ్చేది ఆ ఓటమే. ఇరవై మూడేళ్ల అమ్మాయి బయటికొచ్చి "నాకు ఓటెయ్యండి" అని అడిగి, ఓడిపోయి, మరుసటేడాదే ఇంకో పెద్ద పని నెత్తినేసుకుంది.

ఆ పెద్ద పని అఖిల భారత మహిళా సదస్సు. 1927 జనవరిలో పుణెలో మొదటి సమావేశం జరిగింది. ఆ సంస్థకి తొలి ఆర్గనైజింగ్ సెక్రటరీ కమలాదేవి. తొలి అధ్యక్షురాలు బరోడా మహారాణి చిమ్నాబాయి. మరుసటేడు భోపాల్ బేగం. ఊరూరా తిరిగి సంస్థని నిలబెట్టే పని ఒకరిది, అధ్యక్ష పీఠం రాజకుటుంబాలది. కమలాదేవి ఆ సంస్థకి అధ్యక్షురాలైంది 1940లలో, స్థాపించిన పదిహేడేళ్ల తర్వాత. మహారాణుల పేరు లేకపోతే ఆ రోజుల్లో ఇళ్ల నుంచి ఆడవాళ్లని పంపేవాళ్లు కాదు, విరాళాలు వచ్చేవి కావు అంటారు. కాదనను. అందుకే వాళ్లని తప్పుపట్టడం లేదు. కానీ దాదాపు వందేళ్ల తర్వాత మా ఊళ్లో స్కూటీ మీద తిరిగేది ఒకరు, కుర్చీ ఇంకొకరిది అయితే దానికి ఏ కారణం చెప్పుకోవాలి?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. పోటీ చేసి గెలిచినవాళ్లే గొప్ప పని చేస్తారని లేదు. డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి 1927లో మద్రాసు శాసన మండలిలోకి వచ్చింది నామినేషన్ మీద, ఎన్నికై కాదు. సభలో ఉప సభాపతి అయ్యింది. దేవదాసీ ఆచారం మీద ఆమె పోరాడినంతగా ఓట్లతో గెలిచిన ఎంతమంది పోరాడారు? సారా వ్యతిరేక ఉద్యమంలో ముందు నిలిచిన దూబగుంట రోశమ్మని ఏ సర్వసభ్య సమావేశమూ ఎన్నుకోలేదు. నెల్లూరు జిల్లాలో రాత్రిబడికి వెళ్లిన ఆడవాళ్లు సారా అంగడి మీదికి నడిచారు, నడిచినవాళ్లలో ముందున్నవాళ్లే నాయకులయ్యారు. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఉద్యమానికి బ్యాలెట్ పెట్టె అక్కర్లేదు. కానీ రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాంకు ఖాతా, చందా పుస్తకం, నిర్ణీత పదవీకాలం ఉన్న సంఘం ఉద్యమం కాదు. అక్కడ ఎవరు ముందు నడవాలో ఎవరో ముందే రాసుకొస్తారు, లేదంటే మనం తేల్చుకుంటాం.

అందరి మెడలూ ఒకేసారి

గ్రీవం అంటే మెడ. ఏకగ్రీవం అంటే అందరి మెడలూ కలిపి ఒకే మెడ. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఆ రోజు హాలు గుర్తొస్తోంది.

ఏకగ్రీవాన్ని మనం ఎంత ముద్దు చేస్తామో పంచాయతీ ఎన్నికలప్పుడు చూస్తాం. 2021లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఏకగ్రీవమైన పంచాయతీలకి జనాభాని బట్టి 5 లక్షల నుంచి 20 లక్షల దాకా ప్రోత్సాహకం ప్రకటించింది. తెలంగాణలోనూ ఇలాంటి నజరానాలు ఉన్నాయి. గొడవలుండవు, ఖర్చుండదు, ఊరు కలిసుంటుంది అంటారు. రిజర్వుడు సీటుకి ఎవరు నిలబడాలో రామాలయం దగ్గర కూర్చున్న నలుగురు తేల్చేస్తే, గెలిచిన సర్పంచమ్మ ఎవరి మాట వింటుందో అందరికీ తెలుసు. దాన్ని మా సంఘమే విమర్శిస్తూ కరపత్రం వేసింది. చట్టసభల్లో మూడో వంతు సీట్ల కోసం, 1996లో మొదటి బిల్లు వచ్చిన నాటి నుంచి 2023 సెప్టెంబర్‌లో ఆమోదం పొందే దాకా, ఎన్ని ధర్నాలకి వెళ్లామో లెక్కలేదు. ఆడవాళ్లు పోటీ చేయాలని ఇరవై ఏడేళ్లు అరిచినవాళ్లం, ఒకమ్మాయి పోటీ చేస్తానంటే మనలో మనకి పోటీ ఏంటన్నాం.

ఏకగ్రీవం వెనక ఎప్పుడూ కుట్రే ఉంటుందని మాత్రం అనను. నేను పల్లె బ్రాంచిలో తొమ్మిదేళ్లు పనిచేశాను. పొదుపు సంఘాల ఖాతాలు చూసేదాన్ని. పది పదిహేను మంది సంఘానికి ఇద్దరు లీడర్లు, వాళ్ల సంతకాల మీద ఖాతా. లీడర్లని మారుస్తూ ఉండాలన్నది నియమం. చాలా సంఘాల్లో ఏళ్ల తరబడి అవే సంతకాలు. ఓసారి ఒక సంఘం వాళ్లని అడిగాను, లీడరమ్మ అంటే అంత ఇష్టమా అని. వెనక నిలబడ్డ ఒకావిడ తగ్గు గొంతుతో అంది: "ఇష్టం కాదు మేడం. మార్చాలంటే తీర్మానం, ఫొటోలు, ఆధార్ జిరాక్సులు. మీ బ్యాంకు చుట్టూ మూడు రోజులు తిరగాలి. మూడు రోజుల కూలి ఎవరిస్తారు?"

నా కౌంటర్ ముందే నిలబడి చెప్పింది. ఆ సంఘంలో ప్రజాస్వామ్యం ఆగిపోయింది మా దగ్గరే, మా ఫారాల దగ్గర, రేపు రమ్మన్న మా మాట దగ్గర. ఆ తర్వాత సంతకాల మార్పు పనులు ఒక్క పూటలో అయ్యేలా చూశాను. ఆ ఏడాది నాలుగు సంఘాలు లీడర్లని మార్చుకున్నాయి. మార్పు వద్దని కాదు, మార్చే ఖర్చు భరించలేక ఊరుకున్నారంతే. పైకి చూస్తే అది కూడా ఏకగ్రీవమే.

అందుకే ఏకగ్రీవం అనగానే ఇప్పుడు నా మనసులో మెదిలే మాట: వీళ్లంతా నిజంగా ఒప్పుకున్నారా, లేక ఒప్పుకోకపోతే అయ్యే ఖర్చు ఎక్కువా? మా హాల్లో ఆ ఖర్చు రూపాయల్లో లేదు. పెద్దక్క మొహం మాడిపోవడం, కార్తీక వనభోజనాలకి పిలవకపోవడం, "ఆవిడకి ఎవరో నూరిపోశారు" అనే మాట. చిన్నవిగానే కనిపిస్తాయి. అవే నన్ను లేపి బలపరిచేలా చేశాయి.

ఓట్లు పెడితే సరిపోతుందా

ఇదంతా నా స్నేహితురాలితో అన్నాను. తనూ సంఘంలో సభ్యురాలే, నాకంటే పాత మనిషి. తను నా మాట కొట్టిపారేయలేదు. రెండు ప్రశ్నలు వేసింది. రెండూ గట్టివే.

మొదటిది: "పోటీ పెడితే ఆ అమ్మాయి గెలుస్తుందా? మనలో ముప్పాతిక మంది ఏ కులాలవాళ్లో నీకు తెలియదా? ఓట్లు వేస్తే పెద్దక్కకి 120, ఆ అమ్మాయికి 30. అప్పుడు ఆ 30 అందరి ముందూ బోర్డు మీద రాస్తావు. ఇప్పుడున్న గౌరవం కూడా పోతుంది."

రెండు రాత్రులు దీని గురించే ఆలోచించాను. అమెరికాలోని నేషనల్ ఆర్గనైజేషన్ ఫర్ విమెన్ కథ నాకు అప్పుడు గుర్తొచ్చింది. 1966లో పుట్టిన మహిళా హక్కుల సంస్థ. బెట్టీ ఫ్రీడన్ తర్వాత 1970లో రెండో అధ్యక్షురాలు ఐలీన్ హెర్నాండెజ్, నల్లజాతి మహిళ. అక్కడ నాయకత్వానికి నిజంగానే పోటీలు జరుగుతాయి, అభ్యర్థులు జట్లుగా నిలబడతారు, ఓట్లు లెక్కపెడతారు. అయినా 1979లో జాతీయ స్థాయి పదవులన్నీ తెల్లవాళ్లకే వెళ్లినప్పుడు ఆ హెర్నాండెజే సంస్థని వదిలి వెళ్లిపోయింది, నల్లజాతి మహిళలు ఇందులో ఉండొద్దంది. సంస్థని మోసిన మనిషే అంత మాట అంది. ఓట్లన్నీ సక్రమంగానే పడ్డాయి. మెజారిటీ తనని తానే ఎన్నుకుంది.

2009లో మళ్లీ అదే సంస్థలో లతీఫా లైల్స్ అనే 33 ఏళ్ల నల్లజాతి యువతి అధ్యక్ష పదవికి నిలబడింది. దిగిపోతున్న అధ్యక్షురాలి మద్దతు ఆమెకే. ఎదురుగా 56 ఏళ్ల టెర్రీ ఓ'నీల్, లా ప్రొఫెసర్‌గా పనిచేసిన మనిషి. ఇండియానాపొలిస్ సభలో ఓ'నీల్ గెలిచింది, 8 ఓట్ల తేడాతో. కొత్త తరం, ఇంటర్నెట్, యువతులు అని ఒకరు, కింది స్థాయి శాఖలు, రోడ్డు మీది పోరాటం అని ఇంకొకరు బహిరంగంగా వాదించుకున్నారు. 2020లో జాతి వివక్ష ఆరోపణల మధ్య అప్పటి అధ్యక్షురాలు రాజీనామా చేశాకే క్రిస్టియన్ న్యూన్స్ ఆ స్థానంలోకి వచ్చింది. హెర్నాండెజ్ తర్వాత దాదాపు యాభై ఏళ్లకి మళ్లీ ఒక నల్లజాతి అధ్యక్షురాలు.

అంటే నా స్నేహితురాలి భయం నిజమే. బ్యాలెట్ పెట్టె ఒక్కటే న్యాయం చెయ్యదు. కానీ ఇంకో వైపు కూడా చూడాలి. ఆ 8 ఓట్లు ఒక లెక్కని అందరి ముందు పెట్టాయి: సంస్థలో దాదాపు సగం మంది ఇంకో దారి కోరుకుంటున్నారని. ఏకగ్రీవమై ఉంటే ఆ సగం ఎప్పటికీ కనిపించేది కాదు. మా హాల్లో 30 ఓట్లు పడినా సరే, ఆ ముప్పై మందీ ఒకరికొకరు తెలుస్తారు. ఇప్పుడు ఒక్కొక్కరూ తను ఒక్కతే అనుకుంటూ పులిహోర తిని ఇంటికెళ్తున్నారు. ఇక బోర్డు మీద రాస్తే గౌరవం పోతుందన్న మాట. రెండు నిమిషాలు కూడా మాట్లాడనివ్వకుండా కూర్చోబెట్టిన రోజు ఏం గౌరవం మిగిల్చాం?

ఇంకో నమూనా కూడా మన దేశంలోనే ఉంది. అహ్మదాబాద్‌లో ఇలా భట్ 1972లో మొదలుపెట్టిన సేవా, అంటే సొంతంగా పని చేసుకుని బతికే ఆడవాళ్ల యూనియన్. యజమాని ఎవరో చూపించలేని ఆడవాళ్లకి యూనియన్ ఏంటని అధికారులు మొదట రిజిస్ట్రేషన్‌కే ఒప్పుకోలేదు. ఇప్పుడు సభ్యులు 20 లక్షలు దాటారు. బీడీలు చుట్టేవాళ్లు, కూరగాయలు అమ్మేవాళ్లు, పాత కాగితాలు ఏరేవాళ్లు తమ తమ వృత్తుల నుంచి ప్రతినిధుల్ని ఎన్నుకుంటారు, ఆ ప్రతినిధుల నుంచి కార్యవర్గం వస్తుంది. కార్యవర్గంలో ఎక్కువ మంది ఆ పనులు చేసే ఆడవాళ్లే. చదువుకున్నవాళ్లు పక్కన ఉండి సాయపడతారు. ఓట్లూ ఉన్నాయి, ఎవరి చేతిలో ఉండాలో ముందే తేల్చుకున్న పద్ధతీ ఉంది. మా 150 మందికి అంత పెద్ద ఏర్పాటు అక్కర్లేదు. కార్యవర్గంలో తొమ్మిది సీట్లుంటే అందులో నాలుగు సీట్లు, వార్డుల్లో రోజూ పనిచేసే కార్యకర్తలకి అని రాసుకోవడానికి ఒక్క తీర్మానం చాలు.

నా స్నేహితురాలి రెండో ప్రశ్న: "ఓడినవాళ్లు వెళ్లిపోతే? ఊరు చిన్నది. రేపు రైతుబజార్లో ఎదురుపడాలి." దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. వెళ్లిపోతారేమో. లతీఫా లైల్స్ తర్వాత ఒబామా ప్రభుత్వంలో కార్మిక శాఖ మహిళా విభాగానికి డైరెక్టర్ అయ్యింది. ఓడితే జీవితం ఆగిపోదు. కానీ మా ఊళ్లో అలాంటి ఇంకో తలుపు లేదు, ఆ సంగతి నాకు తెలుసు. అయితే ఇప్పుడు మాత్రం ఎవరూ వెళ్లిపోవడం లేదా? గత ఐదేళ్లలో చందా కట్టడం మానేసినవాళ్ల జాబితా తీసి చూశాను. 41 మంది. ఒక్కరు కూడా ఎన్నికలో ఓడిపోయి వెళ్లలేదు. ఎన్నికే జరగలేదు కదా.

పెట్రోలు డబ్బులు

జనవరిలో ఆ అమ్మాయి షాపుకి వెళ్లాను. జాకెట్లు కుట్టించుకునే నెపంతోనే వెళ్లాను కానీ కూర్చోగానే అడిగేశాను, ఆ కాగితం ఉందా అని.

"కొలతల కాగితం కదా మేడం, ఆ జాకెట్లు కుట్టి ఇచ్చేశాక పారేశాను. అందులో రాసింది గుర్తే ఉంది" అంది. మిషన్ ఆపలేదు. హెమ్మింగ్ చేస్తూనే చెప్పింది. ఆదివారం పదిన్నరకి మీటింగులు పెడితే ఇళ్లలో పనిచేసేవాళ్లు, షాపుల్లో చేసేవాళ్లు రాలేరని, సాయంత్రం ఆరుకి మార్చాలని. రాత్రి ఫోన్లు ఒక్కరి మీదే పడకుండా వారానికి ఇద్దరు చొప్పున వంతులు వేసుకోవాలని. స్టేషన్‌కి వెళ్లినవాళ్లకి పెట్రోలు డబ్బులు ఇవ్వాలని. "కిందటేడు నాకు ఒక్క నెలలో 1,800 అయ్యింది మేడం. అడిగితే సేవ అన్నారు. కారున్నవాళ్లకి సేవే, నాకు మూడు రోజుల సంపాదన."

నాకు బ్యాంకు కౌంటర్ ముందు నిలబడ్డ ఆవిడ గుర్తొచ్చింది. అదే మూడు రోజుల కూలి.

జీతం లేని, ఖర్చులివ్వని పదవికి తీరిక, డబ్బు ఉన్నవాళ్లే సరిపోతారు. ఇది ఎవరి మంచితనానికీ సంబంధించింది కాదు, అంకెలకి సంబంధించింది. అధ్యక్షురాలు హైదరాబాద్ మీటింగుకి సొంత ఖర్చుతో వెళ్లి వస్తే "ఎంత త్యాగం" అంటాం. ఆ త్యాగం చెయ్యలేని మనిషి ఆ కుర్చీకి పనికిరాదని అప్పుడే తేల్చేశామని గుర్తించం. ఎన్నికలు కావాలని అడుగుతున్నా కదా, దానికంటే ముందు అడగాల్సింది ప్రయాణ ఖర్చుల రిజిస్టరు. అది లేకుండా పోటీ పెడితే పోటీకి వచ్చేవాళ్లు మళ్లీ ఆ నలుగురే.

ఆ అమ్మాయి చెప్పినవన్నీ నేను ఒప్పుకోను. కోర్టు కేసుల కోసం విరాళాలు అస్సలు తీసుకోకూడదంటుంది. అలా అయితే లాయర్ ఫీజులు ఎక్కడి నుంచి వస్తాయో తను ఆలోచించలేదు. మీటింగులు సాయంత్రానికి మారిస్తే దూరం నుంచి వచ్చే పెద్దవాళ్లు రాత్రి ఎలా వెళ్తారన్నదీ తేలలేదు. అలాగే పెద్దక్క చేసిన పని చిన్నదేమీ కాదు. ఒకప్పుడు మా ఊళ్లో కట్నం కేసుకి సాక్ష్యం చెప్పడానికి మనిషి దొరకని రోజుల్లో ఆవిడ సొంత ఇంట్లో ఇద్దరాడపిల్లల్ని ఆరు నెలలు దాచింది. ఇద్దరూ ఎదురెదురుగా నిలబడి ఉంటే ఇవన్నీ ఆ హాల్లోనే బయటికొచ్చేవి. మేం విని తేల్చుకునేవాళ్లం. బహుశా నేను పెద్దక్కకే ఓటేసేదాన్నేమో. అయినా అది నా ఓటయ్యేది.

మిషన్ చప్పుడు ఆగాక లెక్కేసుకుంటే ఆ రెండు నిమిషాలు ఇరవై నిమిషాలయ్యాయి. జూన్‌లో మేం ఇవ్వంది ఇంతే.

మా బైలాస్, అంటే సంఘం నియమావళి, తీసి చదివాను. "కార్యవర్గమును సర్వసభ్య సమావేశము ఎన్నుకొనవలెను" అని ఒక్క వాక్యం ఉంది. ఎలా ఎన్నుకోవాలో లేదు. సమావేశానికి 21 రోజుల ముందు నోటీసు, నామినేషన్లు, ప్రతి అభ్యర్థికీ పది నిమిషాలు, సభ్యుల ప్రశ్నలకి అరగంట, ఒక్కరే నిలబడినా సరే రహస్య ఓటు, ఒకే పదవిలో వరసగా రెండుసార్లకి మించి ఉండకూడదు, ఇంకా ఆ నాలుగు సీట్ల తీర్మానం. ఇవి రాసి పదకొండు మంది సంతకాలతో కార్యదర్శికి ఇచ్చాను. "చూద్దాం" అన్నారు. పెద్దక్క ఫోన్ చేసి "నా మీద కోపమా" అని అడిగింది. లేదన్నాను. నిజంగానే లేదు. ఆవిడ కాసేపు మాట్లాడలేదు, తర్వాత "నన్ను ఎప్పుడూ ఎవరూ పోటీ చెయ్యమని అడగలేదు, నువ్వే ఉండు అన్నారంతే" అంది. ఆ మాటకి ఏం చెప్పాలో నాకు తోచలేదు.

మళ్లీ ఎన్నిక వచ్చే జూన్‌లో. మా సంఘానికి నామినేషన్ ఫారం అంటూ ఏదీ లేదు కాబట్టి తెల్లకాగితం మీద నేనే స్కేలుతో గీతలు గీశాను. అభ్యర్థి పేరు దగ్గర ఆ అమ్మాయి తన చేత్తో రాసుకుంది. ప్రతిపాదించినవారు అన్న చోట నేను సంతకం పెట్టాను. కింద బలపరిచినవారు అన్న గీత ఖాళీగా ఉంది. వార్డుల్లో నలుగురైదుగురిని అడగాలనుకుంటున్నాను. ఆ గీత మీద ఎవరి పేరూ ముందే రాయలేదు.